ట్యాంకర్ బుకింగ్ పేజీల క్వెరీ కొలతలు: ప్రాజెక్టు డైరీ

పని: బెంగళూరు తూర్పున వైట్‌ఫీల్డ్, మహదేవపుర, బెళ్లందూరు వైపు అపార్ట్‌మెంట్లకు నీళ్ల ట్యాంకర్లు పంపే బుకింగ్ అప్లికేషన్‌లో నత్తనడక నడుస్తున్న పేజీలను దారిలో పెట్టడం. పైథాన్ 3.11, దాని మీద నడిచే వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో 4.2, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 16, వాటిని కలిపే లైబ్రరీ సైకోపీజీ 3.

చూడాల్సిన పేజీలు నాలుగు: రోజు పట్టిక, అపార్ట్‌మెంట్ చరిత్ర, గమనికల్లో వెతుకులాట, నెల సీఎస్‌వీ డౌన్‌లోడ్. ప్రతి పేజీకీ మూడు సంగతులు ఒకేచోట కనబడాలి: ఎన్ని క్వెరీలు (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు) వెళ్లాయి, మొత్తం ఎంతసేపు పట్టింది, అన్నిటికన్నా బరువైన క్వెరీకి ప్లాన్ (దాన్ని నడపడానికి డేటాబేస్ ఎంచుకున్న దారి) ఏమిటి. పక్కన టెర్మినల్ తెరిచి, చేత్తో ఎస్‌క్యూఎల్ రాసి కొలిస్తే సరిపోదా అంటే సరిపోదు. మనం రాసే క్వెరీ వేరు, జాంగో పంపే క్వెరీ వేరు. ఆ తేడా ఎక్కడెక్కడ దెబ్బకొట్టిందో కింద ఉంది.

దశ 0: కొలిచే బెంచి

అసలు డేటాలో ఫోన్ నంబర్లు ఉన్నాయి కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. పోస్ట్‌గ్రెస్‌లోని జనరేట్_సిరీస్ ఫంక్షన్‌తో ఉత్తుత్తి డేటా తయారుచేసుకున్నాం.

1. అపార్ట్‌మెంట్లు 4,000. ట్యాంకర్లు 500. డ్రైవర్లు 600.
2. బుకింగ్‌లు 12,00,000. తేదీలు 2024 జనవరి 1 నుంచి 2025 డిసెంబరు 31 దాకా, అంటే 731 రోజులు. రోజుకు సగటున 1,642.
3. చెల్లింపులు 14,00,000. కొన్ని బుకింగ్‌లకు రెండు విడతలు.
4. ధరలు: 2024 మార్చిలో బెంగళూరు అర్బన్ జిల్లా యంత్రాంగం 5 కిలోమీటర్ల లోపు దూరానికి పెట్టిన రేట్లు. 6,000 లీటర్లకు 600 రూపాయలు, 8,000కు 700, 12,000కు 1,000.
5. ఇన్సర్టుకు ముందు అదే సెషన్‌లో సెట్‌సీడ్ (ర్యాండమ్ అంకెల మొదలును స్థిరపరచడం). లేకపోతే ప్రతిసారీ వేరే డేటా వస్తుంది, నిన్నటి కొలతతో ఇవాళ్టిది పోల్చలేం.
6. చివర్లో వాక్యూమ్ ఎనలైజ్. ఇది మరిచిపోతే మొదటి కొలతలన్నీ వృథా: ప్లానర్ (ప్లాన్‌ను ఎంచుకునే భాగం) దగ్గర గణాంకాలు ఉండవు, విజిబిలిటీ మ్యాప్ (ఏ పేజీల్లో వరుసలన్నీ అందరికీ కనబడేవో చెప్పే పట్టీ) ఖాళీగా ఉంటుంది.

మొదటి తప్పు: అపార్ట్‌మెంట్ నంబరును మామూలు ర్యాండమ్‌తో వేశాం. అందరికీ తలా 300 బుకింగ్‌లు పడ్డాయి. అలాంటి డేటాలో ప్లానర్ అంచనా ఎప్పుడూ తప్పదు, కాబట్టి ఒక్క జబ్బూ బయటపడదు. ర్యాండమ్‌ను ఘనం చేసి 4,000తో గుణిస్తే కొన్ని పెద్ద కాంప్లెక్సులకు వేలల్లో, చిట్టచివరి వాటికి వంద చొప్పున పడ్డాయి. వాస్తవానికి ఇదే దగ్గర.

రెండో తప్పు డాకర్‌ది, అంటే డేటాబేస్‌ను కంటెయినర్ అన్న విడి పెట్టెలో నడిపే సాధనానిది. కంటెయినర్‌కు షేర్డ్ మెమరీ మామూలుగా 64 ఎంబీ మాత్రమే. ప్యారలల్ క్వెరీ పడగానే 'షేర్డ్ మెమరీ సెగ్మెంట్ సైజు మార్చలేం, డివైస్‌లో చోటు లేదు' అన్న ఎర్రర్ వచ్చింది. డిస్కు నిండిందేమోనని వెతక్కండి. షమ్_సైజ్ 256 ఎంబీ పెడితే పోయింది.

డేటాబేస్ అదే మెషీన్‌లో ఉంటే వంద చిన్న క్వెరీలు వెళ్లినా నొప్పి తెలియదు. నిజంగా నడిచేచోట అది వేరే సర్వర్. అందుకని నెట్‌వర్క్‌ను కావాలని నెమ్మది చేసే నెటెమ్‌తో 1 మి.సె. (మిల్లీసెకను) ఆలస్యం కలిపాం. లూప్‌బ్యాక్ (మెషీన్ తనతో తాను మాట్లాడుకునే దారి) మీద పెడితే పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి పడి 2 మి.సె. అవుతుంది. కంటెయినర్ లోపలి నెట్‌వర్క్ కార్డు మీద పెడితే బయటికొచ్చే ప్యాకెట్లకే పడుతుంది, అంటే కచ్చితంగా 1. దీనికి కంటెయినర్‌కు నెట్_అడ్మిన్ అనుమతి కావాలి.

కొలిచే పద్ధతి: వెబ్ సర్వర్ గునికార్న్ ఒకే వర్కర్, డీబగ్ ఆఫ్, 9 సార్లు పిలిచి మొదటి రెండు వదిలేసి, మిగిలిన ఏడింటిలో మధ్య విలువ.

దశ 1: మిడిల్‌వేర్

మిడిల్‌వేర్ అంటే ప్రతి పేజీ పిలుపు చుట్టూ నడిచే కోడు; క్వెరీలను లెక్కపెట్టేది ఇక్కడే. జాంగో ఇచ్చే కనెక్షన్ డాట్ క్వెరీస్ జాబితా దీనికి పనికిరాదు. డీబగ్ ఆన్ ఉంటేనే నిండుతుంది, పైగా 9,000 దాటితే పాతవి రాలిపోతాయి. జాంగో 2.0 నుంచి ఉన్న ఎగ్జిక్యూట్_ర్యాపర్ (ప్రతి క్వెరీ చుట్టూ మన ఫంక్షన్‌ను తొడిగేది) వాడాం.

1. ర్యాపర్ ఫంక్షన్‌కు ఐదు ఆర్గ్యుమెంట్లు: ఎగ్జిక్యూట్, ఎస్‌క్యూఎల్, పారామ్స్, మెనీ, కాంటెక్స్ట్. లోపల పెర్ఫ్_కౌంటర్ చదివి, ఎగ్జిక్యూట్‌ను పిలిచి, ఫైనల్లీలో తేడా రాసుకోవాలి. ఫైనల్లీ ఎందుకంటే ఎర్రర్ వచ్చిన క్వెరీలూ లెక్కలోకి రావాలి.
2. ఒక్క డిఫాల్ట్ కనెక్షన్‌కే కాదు, కనెక్షన్స్ డాట్ ఆల్ మొత్తానికీ ఎగ్జిట్‌స్టాక్‌తో తొడగాలి.
3. మిడిల్‌వేర్ జాబితాలో అన్నిటికన్నా పైన పెట్టాలి. కింద పెడితే సెషన్ సేవ్ లెక్కలోకి రాదు.
4. ఎస్‌క్యూఎల్ పాఠం ర్యాపర్‌కు విలువలు లేకుండానే అందుతుంది, కాబట్టి దాన్నే గుర్తుగా వాడొచ్చు. దాని ఎండీ5 (పాఠాన్ని కుదించిన చిన్న ముద్ర) తీసి మొదటి 8 అక్షరాలు.
5. సర్వర్-టైమింగ్ హెడర్‌లో క్వెరీల సంఖ్య, మి.సె. పెడితే బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్‌లోనే కనబడతాయి.
6. 20 క్వెరీలు లేదా 150 మి.సె. దాటితే వ్యూ (పేజీని తయారుచేసే ఫంక్షన్) పేరుతో లాగ్‌లో ఒక లైను. విలువలు లాగ్‌లో రాయొద్దు, అవి జనం ఫోన్ నంబర్లు.

ఇందులో చెడినవి:

ఇన్ జాబితా (ఈ ఐడీల్లో ఏదైనా అని అడగడం). 50 ఐడీలున్న క్వెరీ ఒక గుర్తు, 38 ఉన్నది మరో గుర్తు అయి కూర్చున్నాయి. విలువల చోట వరసగా వచ్చే పర్సెంట్-ఎస్‌లన్నిటినీ ఒకటిగా కుదించాకే ఎండీ5 తీయాలి.

రిజాల్వర్_మ్యాచ్ (పిలుపు ఏ వ్యూకు చేరిందో చెప్పేది). ఏ యూఆర్ఎల్‌కూ సరిపోక 404 వచ్చినప్పుడు అది నన్, అంటే ఖాళీ. వ్యూ పేరు అడగ్గానే మిడిల్‌వేరే పడిపోయి 404 కాస్తా 500 అయింది.

ప్లాన్ తీసుకోవడం. 150 మి.సె. దాటిన సెలెక్ట్‌కు అక్కడికక్కడే ఎక్స్‌ప్లెయిన్ (ప్లాన్ చూపించే ఆజ్ఞ) నడిపి లాగ్‌లో పెడదామనుకున్నాం. కాంటెక్స్ట్‌లో ఉన్న కర్సర్‌నే (క్వెరీ పంపి ఫలితాలు చదివే సాధనం) వాడాం. ఆ కర్సర్‌లో అప్పటికే బుకింగ్ ఫలితాలున్నాయి. ఎక్స్‌ప్లెయిన్ వాటి మీదికెక్కింది. జాంగో బుకింగ్ వరుసలనుకుని ప్లాన్ లైన్లు చదవబోయి కుప్పకూలింది. కాంటెక్స్ట్‌లోని కనెక్షన్ నుంచి కొత్త కర్సర్ తీసుకోవాలి. ఎక్స్‌ప్లెయిన్ కూడా ఇదే ర్యాపర్ గుండా వెళ్తుంది కాబట్టి 'ఇప్పుడు ప్లాన్ తీస్తున్నాం' అన్న జెండా ఒకటి పెట్టి దాన్ని లెక్కలోంచి తప్పించాలి. ఎనలైజ్ మాత్రం ఇక్కడ వద్దు. అది క్వెరీని మళ్లీ నిజంగా నడుపుతుంది. నెమ్మదైన క్వెరీ రెండుసార్లు నడిస్తే సర్వర్ మీద ఇంకా బరువు.

ఇప్పటిదాకా, రోజు పట్టిక: 204 క్వెరీలు, డేటాబేస్ 936 మి.సె., పేజీ 1,140 మి.సె.

దశ 2: 204 నుంచి 5

204 ఎక్కడివంటే: సెషన్ 1, యూజర్ 1, పేజినేటర్ కౌంట్ 1, జాబితా 1. మిగిలిన 200, యాభై వరుసల్లో ఒక్కోదానికి అపార్ట్‌మెంట్, ట్యాంకర్, ట్యాంకర్ డ్రైవర్, చెల్లింపులు. ఇది అందరికీ తెలిసిన జబ్బే, మందూ తెలిసిందే. సెలెక్ట్_రిలేటెడ్‌లో (జాబితా క్వెరీలోనే కలిపి తేవడం) అపార్ట్‌మెంట్, ట్యాంకర్ నుంచి డ్రైవర్ దాకా, చెల్లింపులకు ప్రీఫెచ్_రిలేటెడ్ (అన్ని వరుసలకూ కలిపి ఒకే క్వెరీ).

మందు వేశాక 5కు దిగాలి. 55 దగ్గర ఆగింది.

కారణం మోడల్‌లోని బాకీ అన్న మెథడ్. అది చెల్లింపులను ఫిల్టర్ చేసి విజయవంతమైనవే కూడుతుంది. ప్రీఫెచ్ చేసిపెట్టిన జాబితా మీద ఆల్ అంటే దాచినది ఇస్తుంది, ఫిల్టర్ అంటే మళ్లీ డేటాబేస్‌కు పోతుంది. ప్రీఫెచ్ ఆబ్జెక్టులోనే ఆ ఫిల్టర్ పెట్టి, టు_ఆట్ర్‌తో 'పడ్డ_చెల్లింపులు' అన్న జాబితాలోకి తీసుకుని, మెథడ్‌ను పైథాన్‌లో కూడేలా మార్చాం. 5.

అక్కడితో ఊరుకోకుండా ఓన్లీ పెట్టి కాలమ్‌లు తగ్గించబోయాం. మళ్లీ 55. టెంప్లేట్‌లో ఒక మూల గమనిక కాలమ్ కనబడుతోంది, ఓన్లీలో అది లేదు. వరుసకొకటి చొప్పున 50 క్వెరీలు చప్పుడు చేయకుండా తిరిగొచ్చాయి. ఓన్లీ వల్ల మిగిలింది 1 మి.సె. కూడా కాదు. తీసేశాం. టెంప్లేట్ ఒకరి చేతిలో, వ్యూ మరొకరి చేతిలో ఉండే జట్టులో ఓన్లీ పెట్టడం కొరివితో తల గోక్కోవడమే.

ఇప్పటిదాకా, రోజు పట్టిక: 5 క్వెరీలు, డేటాబేస్ 603 మి.సె., పేజీ 651 మి.సె.

క్వెరీలు నలభయ్యో వంతుకు పడిపోయాయి, సమయం సగం కూడా తగ్గలేదు. చాలా జట్లు ఇక్కడే పని అయిపోయిందనుకుంటాయి. మిగిలిన 603లో 597 రెండే క్వెరీలవి: కౌంట్, జాబితా.

దశ 3: తేదీ ఫిల్టర్

క్వెరీసెట్ మీద ఎక్స్‌ప్లెయిన్ మెథడ్ జాంగో 2.1 నుంచి ఉంది. ఎనలైజ్, బఫర్స్ రెండూ ట్రూ ఇచ్చి షెల్‌లో తీసిన ప్లాన్‌లో చూడాల్సినవి:

ఫిల్టర్ లైను: స్లాట్ సమయాన్ని ఏషియా/కోల్‌కతా కాలమానంలోకి మార్చి, దాన్ని డేట్‌గా మార్చి, అప్పుడు పోలుస్తోంది. కోడ్‌లో రాసింది డేట్ లుకప్ ఒక్కటే. కాలమానం మార్పు జాంగో కలిపింది. చేత్తో రాసిన పరీక్ష క్వెరీలో ఇది లేదు, అందుకే అక్కడ వేగంగా వచ్చింది. కాలమ్‌ను ఫంక్షన్‌లో చుడితే ఆ కాలమ్ మీది మామూలు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పెట్టే సూచిక) దేనికీ కొరగాదు.

అంచనా వరుసలు 2,500, అసలు 546, లూప్స్ 3. దీన్ని చదవడంలో పొరపడటం తేలిక. అసలు వరుసలు ఒక్కో ప్రాసెస్ సగటు; 546 ఇంటూ 3, అంటే 1,638. అంచనా వేరేలా లెక్క: ఎక్స్‌ప్రెషన్‌కు గణాంకాలు లేనప్పుడు ప్లానర్ 200 వేర్వేరు విలువలున్నాయనుకుంటుంది. 12 లక్షల్లో 200వ వంతు 6,000. ఇద్దరు వర్కర్లు, పూర్తిగా చేయి కలపని లీడర్ కలిపి 2.4 మంది అనుకుని భాగిస్తే 2,500. సమయం మాత్రం మూడుతో గుణించకూడదు, ముగ్గురూ ఒకేసారి నడుస్తున్నారు.

బఫర్స్‌లో ప్రతిసారీ రీడ్ దాదాపు 27,000 పేజీలు. డిస్కు నెమ్మది అనుకోవద్దు. టేబుల్ సుమారు 216 ఎంబీ, షేర్డ్_బఫర్స్ మామూలు 128 ఎంబీ. షేర్డ్_బఫర్స్‌లో నాలుగో వంతు దాటిన టేబుల్‌ను వరసగా చదివేటప్పుడు పోస్ట్‌గ్రెస్ 256 కేబీ చిన్న రింగునే తిప్పుతుంది, క్యాష్ మొత్తం ఊడ్చుకుపోకుండా. అందుకని ఎన్నిసార్లు నడిపినా రీడ్ అనే చూపిస్తుంది. ఆ పేజీలు ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీలోంచే వస్తున్నాయి.

మార్పు: డేట్ లుకప్ తీసేసి, ఆ రోజు 0 గంటలకు సమానం లేదా ఎక్కువ, మర్నాడు 0 గంటలకు తక్కువ. బిట్వీన్‌తో 23:59:59 అని రాయొద్దు, ఆఖరి సెకను వరుసలు జారిపోతాయి. ఇయర్ లుకప్‌ను జాంగోయే హద్దులుగా మారుస్తుంది. డేట్, మంత్‌లకు ఆ సాయం లేదు.

ఇక్కడ పెద్ద తప్పే జరిగింది. రోజు మొదలును యూటీసీలో (మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ కాలమానం) తీశాం. అంటే పొద్దున 5:30 నుంచి మర్నాడు 5:30 దాకా. ట్యాంకర్లు తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరతాయి, ఆ స్లాట్లన్నీ ముందురోజు పట్టికలో పడ్డాయి. పరీక్ష పట్టుకోలేదు, ఎందుకంటే అది వరుసల సంఖ్యనే చూస్తుంది, సంఖ్య ఇంచుమించు సమానం. మొదటి వరుస, చివరి వరుస సమయాలు పాతదానితో పోల్చి చూసే పరీక్ష పెట్టాకే తేలింది. మేక్_అవేర్‌కు స్థానిక కాలమానం ఇవ్వాలి.

తర్వాత ఇండెక్స్: స్లాట్ సమయం, ఐడీ.

1. మైగ్రేషన్‌లో (డేటాబేస్ రూపం మార్చే ఫైలు) అటామిక్ ఫాల్స్.
2. యాడ్‌ఇండెక్స్‌కు బదులు పోస్ట్‌గ్రెస్ విభాగంలోని యాడ్‌ఇండెక్స్‌కాంకరెంట్లీ (రాతలు ఆపకుండా ఇండెక్స్ వేసేది).
3. నడిపే ముందు తెరిచి వదిలేసిన ట్రాన్సాక్షన్లు ఉన్నాయేమో పీజీ_స్టాట్_యాక్టివిటీలో చూడాలి.

మూడోది చూడలేదు. పక్క టెర్మినల్‌లో బిగిన్ కొట్టి, బుకింగ్ వరుస ఒకటి మార్చి, కమిట్ చేయకుండా వదిలేసిన సెషన్ ఒకటుంది. ఇండెక్స్ దాని కోసం కదలకుండా కూర్చుంది. కంట్రోల్-సీ కొట్టి మళ్లీ నడిపితే 'ఆ పేరుతో ఇండెక్స్ ఇప్పటికే ఉంది'. ఉంది, కానీ చెల్లనిది. పీజీ_ఇండెక్స్‌లో ఇండిస్‌వాలిడ్ ఫాల్స్. క్వెరీలకు పనికిరాదు, రాతలకు మాత్రం బరువు. డ్రాప్ ఇండెక్స్ కాంకరెంట్లీ చేసి మళ్లీ మొదలుపెట్టాలి.

ఇప్పటిదాకా, రోజు పట్టిక: 5 క్వెరీలు, డేటాబేస్ 11 మి.సె., పేజీ 56 మి.సె. కొత్త ఇండెక్స్ 36 ఎంబీ.

దశ 4: ఒక పేజీకి మందు, మరో పేజీకి విషం

రోజు పట్టిక బాగుపడిన గంటలోనే మిడిల్‌వేర్ లాగ్‌లో అపార్ట్‌మెంట్ చరిత్ర పేజీ కనబడింది: 1,720 మి.సె. అంతకుముందు దాని ప్రధాన క్వెరీకి 22 మి.సె. పట్టేది. చేత్తో పెద్ద అపార్ట్‌మెంట్ ఒకటి తీసుకుని చూస్తే 4 మి.సె. ప్రతి అపార్ట్‌మెంట్‌కూ రావడం లేదు. లాగ్‌లో వచ్చింది ఐదో నంబరుకు.

డేటా తయారుచేసేటప్పుడు ఐదో నంబరు కాంప్లెక్సును 2024 అక్టోబరు తర్వాత ఆపేశాం. బెంగళూరుకు నీళ్లు తెచ్చే కావేరి పథకం ఐదో దశ ఆ నెల 16న మొదలైంది. కుళాయి నీళ్లు అందాక ట్యాంకర్లు మానేసే కాంప్లెక్సులుంటాయి కదా అని. దానికి దాదాపు 9,300 బుకింగ్‌లు, అన్నీ మొదటి పది నెలల్లోనివే.

క్వెరీ: ఆ అపార్ట్‌మెంట్ బుకింగ్‌లు, స్లాట్ సమయం కొత్తవి ముందు, 50. ప్లానర్ ఆలోచన ఇలా సాగుతుంది: 9,300 వరుసలున్నాయి, అవి రెండేళ్లంతా సమంగా పరుచుకుని ఉంటాయి, కొత్త స్లాట్ ఇండెక్స్‌ను వెనక నుంచి నడిస్తే ఏడు వేల వరుసల్లోపే 50 దొరుకుతాయి, సార్ట్ కూడా అక్కర్లేదు. నిజంలో వెనక నుంచి 14 నెలలు నడిస్తే ఒక్కటీ దొరకదు. ప్లాన్‌లో ఫిల్టర్ తీసేసిన వరుసలు 6.9 లక్షలు. కాలమ్ దేనికదే గణాంకాలు సరిగ్గానే ఉన్నాయి. రెండింటికీ ఉన్న లంకె ప్లానర్‌కు తెలియదు. ఎనలైజ్ మళ్లీ నడిపినా, స్టాటిస్టిక్స్ టార్గెట్ 100 నుంచి 1,000 చేసినా మార్పు లేదు. రెండూ చేసి చూశాం.

మందు: అపార్ట్‌మెంట్, స్లాట్ సమయం, ఐడీ మూడింటి మీద ఇండెక్స్. 46 ఎంబీ. పేజీ క్వెరీ 3 మి.సె., ఏ అపార్ట్‌మెంట్‌కైనా. అవరోహణ అని ప్రత్యేకంగా రాయాల్సిన పని లేదు, మామూలు ఇండెక్స్ రూపమైన బీ-ట్రీని వెనక్కీ నడవొచ్చు. ఒక కాలమ్ పైకి, మరోటి కిందికి సార్ట్ చేస్తేనే రాయాలి. ఇప్పుడు ఫారిన్ కీ (మరో టేబుల్ వరుసను చూపే కాలమ్) కోసం జాంగో తనంతట తాను వేసిన ఒంటి ఇండెక్స్ దండగ, ఎందుకంటే కొత్తదాని మొదటి కాలమ్ అదే. డీబీ_ఇండెక్స్ ఫాల్స్ పెట్టి తీసేశాం.

దశ 5: గమనికల్లో వెతుకులాట

గమనికలు తెలుగు, కన్నడం, ఇంగ్లీషు కలగాపులగం. 'గేటు 2 దగ్గర', 'సంపు మూత తీసి ఉంచారు' లాంటివి. ఐకంటెయిన్స్ (పెద్ద, చిన్న అక్షరాల తేడా లేకుండా వెతకడం) వాడుతున్నారు, 780 మి.సె.

మొదట గమనిక కాలమ్ మీద పీజీ_ట్రిగ్మ్ జిన్ ఇండెక్స్ (పాఠాన్ని మూడేసి అక్షరాల ముక్కలుగా, అంటే ట్రైగ్రమ్‌లుగా, పెట్టుకునేది) వేశాం. 780 నుంచి కదల్లేదు. జాంగో ఐకంటెయిన్స్‌కు పంపేది ఐలైక్ కాదు. రెండువైపులా అప్పర్ చుట్టి లైక్ పెడుతుంది. కాబట్టి ఇండెక్స్ కూడా అప్పర్ గమనిక మీదే ఉండాలి: ఆప్‌క్లాస్‌లో అప్పర్, పేరు జిన్_ట్రిగ్మ్_ఆప్స్. ఇంగ్లీషు మాటలకు 12 మి.సె. వచ్చింది.

తెలుగు మాటలకు ఇంకా 780.

షో_ట్రిగ్మ్ ఫంక్షన్‌కు 'గేటు' ఇస్తే ఖాళీ జాబితా. బెంచి డేటాబేస్‌ను సీ లొకేల్‌తో చేశాం. ఆ లొకేల్‌లో ఆస్కీ బయటి ఏ అక్షరమూ అక్షరం కిందికి రాదు, ట్రైగ్రమ్‌లు పుట్టవు. లొకేల్ తర్వాత మార్చలేం. టెంప్లేట్0 నుంచి యూటీఎఫ్-8 సీటైప్‌తో కొత్త డేటాబేస్ చేసి డంపు ఎక్కించాలి. చేశాక 'గేటు'కు ట్రైగ్రమ్‌లు వచ్చాయి. అవి సున్నా-ఎక్స్‌తో మొదలయ్యే అంకెల్లా కనబడతాయి, కంగారు అక్కర్లేదు. ఒత్తులున్న మాటలు ఎలా ముక్కలవుతున్నాయో మీ సర్వర్‌లో షో_ట్రిగ్మ్‌తో చూసుకోండి, లొకేల్‌ను బట్టి ఉంటుంది.

మూడక్షరాల కన్నా చిన్న మాటకు ఈ ఇండెక్స్ సాయపడదు (గుణింతపు గుర్తునూ విడిగా లెక్కపెట్టాలి; 'గేటు' అలా నాలుగు). ఫారంలోనే కనీసం మూడు అని పెట్టాం. ధర: 10,000 బుకింగ్‌ల ఇన్సర్ట్ 0.9 సెకన్ల నుంచి 1.6కు పెరిగింది. అపార్ట్‌మెంట్ పేర్ల వెతుకులాటకు మాత్రం ఇండెక్స్ వేయలేదు. 4,000 వరుసలు మొత్తం చదివినా 3 మి.సె.; దానికి జిన్ ఎందుకు?

దశ 6: సీఎస్‌వీ, సున్నా క్వెరీలు

నెల డౌన్‌లోడ్‌కు మిడిల్‌వేర్ చూపించినవి: సెషన్, యూజర్, అంతే. 51,000 వరుసల ఫైలు గాల్లోంచి వచ్చినట్టు. స్ట్రీమింగ్ రెస్పాన్స్‌లో (ముక్కలుముక్కలుగా పంపే జవాబు) వరుసలిచ్చే జనరేటర్ నడిచేది మిడిల్‌వేర్ చేతులు దులుపుకున్నాక. రెస్పాన్స్ స్ట్రీమింగ్ అయితే స్ట్రీమింగ్_కంటెంట్‌ను మరో జనరేటర్‌తో చుట్టి, దాని లోపల ర్యాపర్‌ను మళ్లీ తొడగాలి. హెడర్ అప్పటికే వెళ్లిపోతుంది కాబట్టి లెక్క లాగ్‌లోకే.

అసలు లెక్క: 29 క్వెరీలు. సెషన్, యూజర్, ప్రధాన క్వెరీ, ఇటరేటర్ (వరుసలను గుంపులుగా తెచ్చే మెథడ్) చంక్_సైజ్ 2,000 కాబట్టి చెల్లింపుల ప్రీఫెచ్ 26 సార్లు. ఇటరేటర్‌తో ప్రీఫెచ్ పనిచేసేది జాంగో 4.1 నుంచే.

చిక్కు ప్రధాన క్వెరీతో వచ్చింది. ఎక్స్‌ప్లెయిన్ మెథడ్‌తో తీస్తే 380 మి.సె., హ్యాష్ జాయిన్, చివర్లో సార్ట్. నడిచేటప్పుడు ర్యాపర్ చూపేది 870. అదే క్వెరీసెట్, అవే విలువలు. తేడా ఇటరేటర్‌ది: అది సర్వర్ వైపు కర్సర్ తెరుస్తుంది. కర్సర్ క్వెరీలకు పోస్ట్‌గ్రెస్ వేరే లెక్క వేస్తుంది. కర్సర్_టపుల్_ఫ్రాక్షన్ మామూలు విలువ 0.1, అంటే పదోవంతు వరుసలే చదువుతారనుకుని త్వరగా మొదలయ్యే ప్లాన్ ఎంచుకుంటుంది. ఇక్కడ స్లాట్ ఇండెక్స్ వెంట నెస్టెడ్ లూప్ (ఒక్కో వరుసకూ విడిగా వెతకడం) పట్టుకుంది. ఎక్స్‌ప్లెయిన్ మెథడ్‌కు కర్సర్ సంగతి తెలియదు. పైగా ఆటోకమిట్‌లో జాంగో ఆ కర్సర్‌ను విత్ హోల్డ్‌తో తెరుస్తుంది, అంటే మొదటి వరుస రాకముందే మొత్తం ఫలితం సర్వర్‌లో తయారవుతుంది. పదోవంతు అన్న అంచనాకు అర్థమే లేదు.

సెటింగ్స్‌లో డౌన్‌లోడ్‌ల కోసం రెండో డేటాబేస్ అలియాస్ పెట్టి, దాని ఆప్షన్స్‌లో కర్సర్_టపుల్_ఫ్రాక్షన్ 1.0 ఇచ్చాం. 870 నుంచి 395. మధ్యలో కనెక్షన్లను పంచే పీజీబౌన్సర్ ట్రాన్సాక్షన్ పద్ధతిలో ఉంటే ఈ కర్సర్లే పనిచేయవు. అప్పుడు డిసేబుల్_సర్వర్_సైడ్_కర్సర్స్ ట్రూ పెట్టి, 51,000 వరుసలూ ఒకేసారి మెమరీలోకి వస్తాయని తెలిసే పెట్టాలి.

దశ 7: డేటాబేస్ వైపు నుంచి చూపు

ఒక్కో రకం క్వెరీకి మొత్తం సమయం కూడి చూపే పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్‌కు షేర్డ్_ప్రీలోడ్_లైబ్రరీస్, రీస్టార్ట్ కావాలి. టోటల్_ఎగ్జెక్_టైమ్ వారీగా సార్ట్ చేయండి (13కు ముందు ఆ కాలమ్ పేరు టోటల్_టైమ్).

ఏ క్వెరీ ఏ వ్యూదో తెలియాలని ర్యాపర్‌లోనే ఎస్‌క్యూఎల్ ముందు వ్యూ పేరును కామెంట్‌గా అతికించాం. రెండు రోజులు తప్పు వ్యూ వెంటపడ్డాం. ఒకే రూపమున్న క్వెరీ రెండు వ్యూల నుంచి వచ్చినా పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్‌కు అది ఒకటే. మొదట ఎవరి కామెంట్ పడితే అదే పాఠంగా నిలిచిపోతుంది. వ్యూ పేరు నమ్మాల్సింది ఆటో_ఎక్స్‌ప్లెయిన్ (నెమ్మది క్వెరీల ప్లాన్‌ను పోస్ట్‌గ్రెస్సే రాసిపెట్టడం) లాగ్‌లో, మిడిల్‌వేర్ లాగ్‌లో. కామెంట్‌లో పర్సెంట్ గుర్తు వస్తే రెండుసార్లు రాయాలి, లేకపోతే సైకోపీజీ దాన్ని పారామ్ అనుకుంటుంది.

ఆటో_ఎక్స్‌ప్లెయిన్: సెషన్_ప్రీలోడ్_లైబ్రరీస్‌లో పెడితే రీస్టార్ట్ లేకుండా కొత్త కనెక్షన్ల నుంచి పనిచేస్తుంది. లాగ్_మిన్_డ్యురేషన్ 200 మి.సె., లాగ్_ఎనలైజ్ ఆన్, లాగ్_టైమింగ్ ఆఫ్. టైమింగ్ ఆన్ ఉంటే 200 దాటిన వాటికే కాదు, ప్రతి క్వెరీలో ప్రతి వరుసకూ గడియారం చూస్తుంది. మామూలుగా జాంగో విలువలను క్లయింట్ వైపే పాఠంలో అతికిస్తుంది కాబట్టి ఈ లాగ్‌లో ఫోన్ నంబర్లుంటాయి. ఆ ఫైలు ఎవరు చదవొచ్చో ముందే తేల్చుకోవాలి.

దశ 8: వెనక్కి జారకుండా

పరీక్ష డేటాబేస్‌లో ప్లాన్‌లు చూడటం దండగ. పది వరుసల టేబుల్‌ను ప్లానర్ ఎప్పుడూ మొత్తం చదివేస్తుంది. అక్కడ పరీక్షించదగ్గది క్వెరీల సంఖ్యే. అసర్ట్‌నమ్‌క్వెరీస్‌లో 5 అని రాస్తే ఎవరో 6 చేసి, అంకె కూడా 6గా దిద్దేస్తారు. దానికి బదులు 3 బుకింగ్‌లతో ఒకసారి, 30తో ఒకసారి పేజీ పిలిచి, క్యాప్చర్‌క్వెరీస్‌కాంటెక్స్ట్‌తో రెండు సంఖ్యలూ సమానమా అని చూస్తున్నాం. ఒక్కో బుకింగ్‌కూ వేర్వేరు అపార్ట్‌మెంట్, ట్యాంకర్, కనీసం ఒక చెల్లింపు ఉండాలి. 

ఇప్పటిదాకా మొత్తం

- రోజు పట్టిక: డేటాబేస్ 936 నుంచి 11 మి.సె.
- అపార్ట్‌మెంట్ చరిత్ర, ప్రధాన క్వెరీ: 22, మధ్యలో 1,720, ఇప్పుడు 3 మి.సె.
- వెతుకులాట, మూడక్షరాలు దాటిన అరుదైన మాట: 780 నుంచి 12 మి.సె.
- సీఎస్‌వీ ప్రధాన క్వెరీ: 870 నుంచి 395 మి.సె.
- కొత్తగా వేసిన ఇండెక్స్‌లు మూడు, తీసేసినది ఒకటి.

ముట్టుకోనివి: ఆఫ్‌సెట్ పేజినేషన్ (ముందు వరుసలను దాటుకుంటూ పేజీలు చూపడం). రోజుకు 1,642 వరుసలు, 33 పేజీలు; చిట్టచివరి పేజీకి కూడా 4 మి.సె. దాటలేదు.

తర్వాతి పని: నెల నివేదిక. ప్లాన్‌లో సార్ట్ పద్ధతి ఎక్స్‌టర్నల్ మెర్జ్, డిస్క్ 21 ఎంబీ. వర్క్_మెమ్ (ఒక్కో సార్ట్‌కు ఇచ్చే మెమరీ) మామూలు 4 ఎంబీ. సర్వర్ మొత్తానికి పెంచం, ఎందుకంటే ప్రతి సార్టూ, ప్రతి ప్రాసెస్సూ విడివిడిగా అంత తీసుకోగలవు. ఆ ఒక్క వ్యూలో అటామిక్ లోపల సెట్ లోకల్‌తో 64 ఎంబీ ఇచ్చి చూడాలి. సార్ట్ మెమరీలో జరిగితే డిస్కు మీదకన్నా ఎక్కువ చోటు అడుగుతుంది, 21 ఎంబీ చాలదు.